సులభం చేయడం కూడా సత్కార్యమే

తలుపు మీద ‘నెట్టండి’, ‘లాగండి’ అని రాయవలసి వచ్చిందంటే, ఆ తలుపు తనను ఎలా తెరవాలో తాను చెప్పలేకపోతోందని అర్థం. అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త డొనాల్డ్ నార్మన్ ఇలాంటి చిన్న విషయాలను పరిశీలించి ‘ది డిజైన్ ఆఫ్ ఎవ్రీడే థింగ్స్’ అనే గ్రంథం రాశారు. అది 1988లో వేరొక పేరుతో వెలువడింది. 2013లో సవరించిన కూర్పు వచ్చింది. ఒక వస్తువును వాడలేక తడబడినవారు తమను తామే నిందించుకుంటారనీ, చాలాసార్లు లోపం వారిలో కాక ఆ వస్తువును రూపొందించిన తీరులోనే ఉంటుందనీ ఆయన వాదన.

ఈ మాటను మన ఇళ్ళకు అన్వయించి చూడండి. సౌదీలో ఉన్న మనవడితో మాట్లాడాలని దాదీమా ఫోను తీస్తుంది. వేలు మరోచోట తగిలి ఫోను ఆగిపోతుంది. పక్కనున్న పిల్లలు నవ్వుతారు. మర్నాటి నుంచి ఆమె ఫోను ముట్టదు. ఎవరైనా కలిపి ఇస్తే మాట్లాడుతుంది, లేకుంటే ఊరుకుంటుంది. యాసీన్ సూరాను కంఠస్థంగా పారాయణం చేసే ఆమెకు తెలివి లేదనగలమా? ఆమె కోల్పోయింది ఒక సౌకర్యాన్ని మాత్రమే కాదు, అడిగే ధైర్యాన్ని కూడా.

ఇస్లాం ఈ విషయంలో మనకు స్పష్టమైన మార్గం చూపింది. ఉపవాసాల ఆదేశాన్ని వివరిస్తూనే, అల్లాహ్ మీకు సౌలభ్యాన్నే కోరుతున్నాడని దివ్య ఖుర్ఆన్ తెలియజేసింది. హజ్రత్ ముఆజ్ (రజి) నమాజును మరీ సుదీర్ఘంగా చేయించినప్పుడు దైవప్రవక్త (స) ఆయనను మందలించారు. వెనుక నిలబడినవారిలో వృద్ధులు, బలహీనులు, పనుల మీద వెళ్ళవలసినవారు ఉంటారని గుర్తు చేశారు. అంటే ఇమాము కొలతగా తీసుకోవలసింది తన ఓపికను కాదు. వరుసలో అందరికంటే బలహీనుడైనవాని ఓపికను.

ఆ కొలత వంటింటి పనిముట్లకూ వర్తిస్తుంది. అమెరికాలో శామ్ ఫార్బర్ అనే వ్యాపారి భార్యకు కీళ్ళవాతం ఉండేది. సన్నని పిడి గల చెక్కుతీసే కత్తితో ఆమె చేతులు నొప్పిపెట్టేవి. ఆయన లావైన, మెత్తని పిడులతో పనిముట్లు తయారు చేయించి 1990లో ‘ఆక్సో’ పేరుతో అమ్మకానికి పెట్టారు. నొప్పి ఉన్న చేతికి అమరిన పిడి ఆరోగ్యవంతుల చేతికి మరింత హాయిగా అమరింది.

సౌకర్యంతోపాటు ఆనందమూ కావాలని నార్మన్ 2004 నాటి మరో పుస్తకంలో రాశారు. అందులో తన ఇంట్లోని మూడు టీ పాత్రలను వర్ణించారు. వాటిలో ఒకదానికి పిడి, కొమ్ము ఒకే వైపున ఉంటాయి. దానితో టీ పోయడం సాధ్యం కాదు. మన కొమ్ముచెంబును దానితో పోల్చి చూడండి. ఎక్కడ పట్టుకోవాలో, నీరు ఎటు పడుతుందో ఎవరూ నేర్పనక్కరలేదు. దైవప్రవక్త (స) ఒక ముద్ద్, అంటే దాదాపు దోసెడు నీటితో వుజూ చేసుకునేవారు. ఆ సున్నతుకు ఈ చెంబు సన్నని ధార ఎంతో అనువైనది. చలికాలపు ఫజ్ర్ వేళ గోరువెచ్చని నీరు ఆ కొమ్ము నుంచి ముంజేతి మీదుగా జారుతుంటే కలిగే హాయి కూడా అల్లాహ్ అనుగ్రహమే.

ఈ నెల ప్రతి ఇంటివారూ ఒక్క పని చేయండి. మీ ఇంట్లోని పెద్దవారు ఏ వస్తువును వాడడం మానేశారో గమనించండి. ఫోనులో పేర్ల పక్కన ఫొటోలు పెట్టండి. పెద్ద అక్షరాల ఖుర్ఆన్ ప్రతిని వారి చేతికి అందే చోట, వెలుతురు పడే చోట ఉంచండి. మస్జిద్ కమిటీవారు వుజూ చేసే చోట కాస్త ఎత్తైన పీటలు, గోడకు పట్టుకునే కడ్డీ ఏర్పాటు చేయండి. దారిలోని ముల్లును తొలగించడం సదఖా అయినప్పుడు, ఒక వృద్ధురాలి సంకోచాన్ని తొలగించడం సదఖా కాకుండా పోతుందా?

పరులకు సౌలభ్యం కలిగించే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.