హంతకుడి నేరం హంతకుడిదే

అమెరికాలో కాన్సస్ రాష్ట్రం, జాన్సన్ కౌంటీ. 2014 ఏప్రిల్ 13న అక్కడి ఓవర్‌లాండ్ పార్క్‌లో ఒక శ్వేతజాతి దురహంకారి యూదుల కమ్యూనిటీ సెంటర్ దగ్గర, ఆ తర్వాత వాళ్ల వృద్ధాశ్రమం దగ్గర కాల్పులు జరిపాడు. యూదులను చంపాలని వచ్చినవాడి చేతిలో చనిపోయిన ముగ్గురూ క్రైస్తవులు. మూడేళ్లు తిరక్కముందే, 2017 ఫిబ్రవరి 22న, అదే కౌంటీలోని ఒలేతాలో ఒక బార్‌లో మన శ్రీనివాస్ కూచిభొట్లను మరొకడు కాల్చి చంపాడు. నా దేశం వదిలిపొమ్మని అరిచి కాల్చినవాడు, తాను ఇరానీయులను కాల్చానని ఆ రాత్రే చెప్పుకున్నాడు. ఎవడి మీదో పెంచుకున్న కోపానికి 32 ఏళ్ల తెలుగు ఇంజినీరు బలైపోయాడు. ద్వేషం తలకెక్కినవాడికి ఎదురుగా ఉన్న మనిషి కనపడడు.

ఇలాంటి దెబ్బలు తరతరాలుగా తిన్నవాళ్లు యూదులు. కాబట్టి వాళ్ల ధర్మం దీనికేం జవాబు చెప్పిందో మనం తెలుసుకోవాలి. మరీ పరాయి సంగతి కూడా కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రయీం పేరుతో యూదు ఆచారాలు పాటించే తెలుగు కుటుంబాలున్నాయి.

చంపవచ్చినవాడికి మెడ వంచమని ఆ ధర్మం చెప్పదు. ఎదురుతిరిగి ప్రాణం కాపాడుకోమంటుంది. కానీ తండ్రి నేరానికి కొడుకును, కొడుకు నేరానికి తండ్రిని చంపకూడదని వాళ్ల పవిత్ర గ్రంథంలోని ద్వితీయోపదేశకాండం గిరి గీసింది. యూదులను తరుముకొచ్చిన ఈజిప్టు సైన్యం సముద్రంలో మునిగిపోతుంటే దేవదూతలు పాట ఎత్తుకోబోయారని, వాళ్లూ తాను పుట్టించిన ప్రాణులేనని దేవుడు ఆ పాట ఆపించాడని వాళ్ల ధర్మగ్రంథం తాల్ముద్‌లో ఒక కథ. పస్కా పండుగ రాత్రి యూదుల ఇళ్లలో ఈజిప్టును పట్టిన పది తెగుళ్ల పేర్లు చదువుతూ ఒక్కోదానికి ఒక్కో చుక్క ద్రాక్షారసం గ్లాసులోంచి తీసేస్తారు. శత్రువు బాధ తలుచుకునే వేళ తమ పాత్ర నిండుగా ఉండకూడదని దానికి చెప్పుకునే అర్థం. పిల్లలు కూడా వేలు ముంచి ఆ చుక్క తీస్తారు.

క్షమ దగ్గర ఈ ధర్మం చాలా కటువు. నాకు బాగా నచ్చిందీ అదే. గాయపడ్డవాడు తప్ప అతని తరఫున ఇంకెవరూ క్షమించలేరు. చనిపోయినవాడు తిరిగొచ్చి క్షమించడు. మరి కడుపుకోతలో ఉన్న తల్లి ముందు మైకు పెట్టి ‘క్షమిస్తారా అమ్మా’ అని అడగడానికి మనమెవరం? శ్రీనివాస్ భార్య సునయన దుమాల అంత్యక్రియల తర్వాత మళ్లీ కాన్సస్‌కే వెళ్లింది. వలస వచ్చినవాళ్ల జీవితాలను అక్కడివాళ్లకు తెలియజెప్పడానికి ‘ఫరెవర్ వెల్‌కమ్’ మొదలుపెట్టింది. భర్తను చంపినవాడికి యావజ్జీవం పడింది. ఈ రెండూ జరగాల్సినవే.

2018 అక్టోబర్ 27న పిట్స్‌బర్గ్‌లోని ట్రీ ఆఫ్ లైఫ్ అనే యూదుల ప్రార్థనా మందిరంలో 11 మందిని చంపినవాడిని గాయాలతో ఆస్పత్రికి తెచ్చారు. ఎమర్జెన్సీలో అతనికి సేవ చేసిన నర్సు అరీ మాలర్ ఒక రబ్బీ (యూదు మతగురువు) కొడుకు. తాను యూదుడినని అతనికి చెప్పలేదు. ఆస్పత్రి అధ్యక్షుడు జెఫ్ కోహెన్ ఆ మందిరం సభ్యుడే. ఆయన వెళ్లి నొప్పిగా ఉందా అని అడిగాడు. బతికించిన మనిషిని కోర్టుకు అప్పగించారు. 2023లో మరణశిక్ష పడింది.

యూదులంతా ఎప్పుడూ ఇలాగే నడుచుకున్నారని నేననను. తమ పాత శత్రువులైన అమాలేకీయులను తుడిచిపెట్టమన్న ఆజ్ఞ కూడా వాళ్ల పవిత్ర గ్రంథంలోనే ఉంది. 2023 అక్టోబర్ 7న హమాస్ ఇజ్రాయెల్‌లో సుమారు 1,200 మందిని చంపాక, ప్రధానిగా ఉన్న నెతన్యాహు ఆ అమాలేకునే గుర్తుచేశారు. ఆ తర్వాత గాజాలో ఇజ్రాయెల్ దాడుల్లో వేలాది మంది పిల్లలు చనిపోయారు. తండ్రి నేరం కొడుకు మీద వేయొద్దన్న మాటకు ఇది పూర్తిగా విరుద్ధం. అదే ఇజ్రాయెల్‌లో, బిడ్డలను పోగొట్టుకున్న యూదులు, పాలస్తీనీయులు 1995లో మొదలైన పేరెంట్స్ సర్కిల్‌లో ఒకచోట కూర్చుంటున్నారు.

ఇక మన సంగతి. తెలంగాణలోని మర్పల్లి చుట్టుపక్కల పల్లెల్లో ముస్లింల పీర్ల పండుగకు అలావ (నిప్పుల గుండం) చుట్టూ ఆడేవాళ్లలో హిందువులూ ఉంటారు. కానీ హైదరాబాద్‌లో బాంబు పేలిన మర్నాడు బస్టాండులో చూపులు మారతాయి. టీ కొట్టు భాయ్ మాటలు తగ్గిస్తాడు. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్‌లలో 42 మంది పోయినప్పుడు, 2013లో దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లప్పుడు ఎంతమంది అమాయకులు ఆ చూపులు మోశారో! నేరం చేసినవాళ్లకు కోర్టులు శిక్ష వేశాయి. ఆ చూపులు మోసినవాళ్లను మాత్రం ఎవరూ పలకరించలేదు.

హైదరాబాద్ మక్కా మసీదు కేసులో జరిగింది మరీ అన్యాయం. 2007 మే 18న అక్కడి పేలుడులో తొమ్మిది మంది చనిపోయారు. ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు. ముందు ముస్లిం యువకులను పట్టుకెళ్లారు. వాళ్లలో చాలామంది నిర్దోషులుగా బయటికొచ్చారు. తర్వాత కేసు హిందుత్వవాదుల మీదికి మళ్లింది. 2018 ఏప్రిల్ 16న వాళ్లనూ కోర్టు వదిలేసింది. నమాజుకు వెళ్లిన ఆ తొమ్మిది మందిని చంపినందుకు ఇంతవరకూ ఎవరికీ శిక్ష పడలేదు.