జలచక్రపు బొమ్మయు, మన కాలువ నీరును

మల్లట్ పరిసరములందలి మన తెలుగు కుటుంబములలో ఒక దురభిప్రాయము లోతుగా వేరూనియున్నది. పసిపిల్లలకు సైన్సు చెప్పుట బడివారి పని యనియు, ఇంటివారు చెప్పదగినవి పద్యములు, పండుగలు, మర్యాదలు మాత్రమే యనియు మనవారు తలచుచున్నారు. ఇట్టి సంచికలలో సైతము తెలుగుదన మనగా పూర్వకవులనో పిండివంటలనో చూపి ఊరకుండుట పరిపాటి యైనది. మేము దీని నంగీకరింపము. మేము మెట్రిక్కుతో చదువు చాలించి గుమాస్తా పనిలో జీవితము గడపినవారము; శాస్త్రజ్ఞులము కాము. అయినను నీటిని గూర్చి పిల్లలకు చెప్పుటలో మనము చేయుచున్న పొరపాటును కనుగొనుటకు అంత శాస్త్రము అక్కరలేదు.

మా మనుమరాలు నాలుగవ తరగతి చదువుచున్నది. ఒకనాడు పుస్తకములోని బొమ్మ ముందుంచుకొని ఎవాపరేషన్, కండెన్సేషన్, ప్రెసిపిటేషన్ అని గడగడ అప్పగించెను. ఆ మాటల కర్థమేమని అడిగితిమి. "అవి స్టెప్పులు, తాతయ్యా" అనెను. మన కాలువలోని నీరు ఎక్కడిదని అడిగితిమి. "డ్యామువాళ్లు వదులుతారు." మరి డ్యాములోనికి ఎట్లు వచ్చినది? పిల్ల కొంచెమాలోచించి, "అది అక్కడే ఉంటుంది" అనెను. మాకు నవ్వు రాలేదు. పెద్దలమైన మనలో ఎందరు ఇంతకంటె మంచి సమాధానము చెప్పగలరు?

ఆ బొమ్మను మీరును చూచియుందురు. ఒక మూల సముద్రము, ఒక మూల కొండ, పైన మబ్బు, చుట్టును బాణపు గుర్తులు. సముద్రమున లేచిన నీరు కొండపై కురిసి, మరల ఆ సముద్రముననే కలియును. బొమ్మ అబద్ధము కాదు. కాని అది మన నేల బొమ్మ కాదు. మన పిల్లలలో సముద్రము చూచినవారెందరు? కాలువ చూడనివారెందరు?

మన నీటి కథ యిది. అరేబియా సముద్రముపై లేచిన తేమను నైరుతి గాలులు మోసికొనివచ్చును. ఆ మబ్బులు పడమటి కనుమలను తాకి పైకెగసి, చల్లబడి, అక్కడనే తమ బరువును దింపుకొనును. కనుమలకు తూర్పుననున్న మనకు దక్కునది శేషమే. రాయచూరు జిల్లాలో ఏడాదికి పడు వాన 600 మిల్లీమీటర్ల చుట్టుప్రక్కల మాత్రమే. అయితే ఆ కనుమలలోని గంగామూలమున పుట్టిన తుంగయు భద్రయు శివమొగ్గ దాపున కూడలి వద్ద కలసి, తుంగభద్ర యను పేరుతో హోసపేట చెంత 1953లో పూర్తియైన ఆనకట్ట వెనుక నిలిచి, ఎడమ కాలువగుండ మాన్వి, సిరవార పొలములకు వచ్చుచున్నది. మన ఊరిపై కురియని వాన మన మడికి కాలువయై వచ్చుచున్నదన్న మాట! మడి దాటిన నీరు వాగులబడి, తుంగభద్రలోనో కృష్ణలోనో చేరి, శ్రీశైలము, నాగార్జునసాగరము, బెజవాడ దాటి హంసలదీవి కడ బంగాళాఖాతమున కలియును. పడమటి కడలిలో లేచినది తూర్పు కడలిలో దిగుచున్నది. మన తాతతండ్రులలో పలువురు విడిచివచ్చిన జిల్లాలకే ఆ నీరు మరల పోవుచున్నది. ఈ కథను చెప్పుటకు మనకంటె తగినవారెవరు?

"ఇంగ్లీషు మాటలు రానిదే మార్కులు రావు గదా" అని కొందరు తల్లిదండ్రులు మాతో వాదించిరి. రానీయుడు, మేము కాదనలేదు. కాని ఆవిరి, చెమ్మ, ఇంకుట, ఊట, వాగు అను మాటలు నోట నున్న పిల్లకు వస్తువు ముందు తెలియును, పేరు పిదప అంటుకొనును. కన్నడ బడికి పోవు పిల్లకు ఇది మరింత సుళువు. అక్కడ "ఆవి" యన్నది ఇక్కడ ఆవిరియే. రెండు భాషలు ఒకదానినొకటి మోయుచుండగా మనము రెంటిని విడిచి మూడవదానిని బట్టీ పట్టించుచున్నాము.

రెండవ తెగవారు వేరు. "ఇవన్నియు మన పూర్వులకు తెలిసినవే" యని వారి వాదము. కొంతవరకు నిజమే. సూర్యుడు నీరు గ్రహించి మరల ఇచ్చుటను కాళిదాసు రఘువంశమున రాజు పన్నుతో పోల్చెను. వరాహమిహిరుడు ఆరవ శతాబ్దమున బృహత్సంహితలో భూగర్భజలమునకు ఒక అధ్యాయమునే కేటాయించెను. అయితే నదులలో పారు నీటికి వాన ఒక్కటియే చాలునా యన్న సందేహము లోకమున చాలకాలము నిలిచెను. ఫ్రాన్సు దేశమున పెర్రో అను నతడు సేన్ నది ఎగువ భాగమున పడిన వానను, నదిలో పారిన నీటిని లెక్కించి, వాన దాదాపు ఆరు రెట్లున్నదని 1674లో ప్రకటించెను. పూర్వులను పొగడుటతో పిల్లకు కొలుచుట రాదు. ఒక సీసా, ఒక గరాటు, ఒక స్కేలుబద్ద ఉన్న యింట వానను కొలువవచ్చును.

వంటింటిలోనే పాఠమున్నది. పప్పు ఉడుకు గిన్నె మూత తీసి తిప్పిచూపిన చాలును. చల్లని నీరు పోసిన స్టీలుగ్లాసు పైన చెమ్మ పట్టుటను చూపుడు. ఇక్కడ ఒక మాట: గ్లాసు చెమర్చుటయు, మట్టికుండ చెమర్చుటయు ఒకటే యని చెప్పు పెద్దలు కలరు. కాదు. కుండనీరు లోపలినుండి ఊరి వెలికి వచ్చి, ఆవిరియై పోవుచు కుండను చల్లబరచును. గ్లాసు మీది నీరు గాలిలోనిది. తప్పు చెప్పుటకంటె ఊరకుండుట మేలు.

ఇక అసలు విషయము. పళ్లెములో ఉప్పునీరు పోసి ఎండలో నుంచినచో నీరు పోవును, ఉప్పు మిగులును. పిల్లలు దీనిని చూచి చప్పట్లు కొట్టుదురు. ఆ వెంటనే వారిని మన ఆయకట్టులో చౌడుబారిన చెక్క యొద్దకు తీసికొనిపోగల ధైర్యము మనకున్నదా? అదియు ఆ పళ్లెమే. ఎడమ కాలువను ప్రధానముగా తేలికపంటల కొరకు ఏర్పరచిరి. వరికి కేటాయించిన భాగము కొద్ది. ఆనకట్ట వచ్చిన పిదప కోస్తాజిల్లాలనుండి వచ్చి క్యాంపులు కట్టుకొన్న మనవారు, తమకు తెలిసిన వరినే కేటాయింపునకు మించి పెట్టిరి. మనలను చూచి ఇతరులును పెట్టిరి. బీడు పచ్చబడినమాట నిజము, మన కష్టమును ఎవరును కాదనలేరు. కాని నిలువనీటి వలన కొన్ని నేలలు ఊటపట్టి చౌడెక్కినవి. కాలువ చివరి పొలములకు నీరు చేరుట లేదన్న మొర ఏటేట వినబడుచునేయున్నది. మన పిల్ల తన తరగతిలోని కాలువ చివరి ఊరి పిల్ల ప్రక్కన కూర్చుండి ఆ గుండ్రని బొమ్మ గీయుచున్నది. ఆ బొమ్మలో తూము లేదు, మోటారు లేదు, వంతు లేదు.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్ట 33 గేట్లలో 19వది గొలుసు తెగి కొట్టుకొనిపోయినప్పుడు ప్రతి యింటను అదే మాట. వారము దినములలో ప్రవాహమునకు అడ్డుపలకలు దింపిరి. ఆ పనికి దారి చూపిన కన్నయ్యనాయుడు తెలుగువాడని మనవారు గర్వించిరి. గర్వించుట తగును. అయితే మొదట 133 టీఎంసీలు పట్టిన ఆ జలాశయము పూడికవలన 105 టీఎంసీల చిల్లరకు ఎందుకు దిగినదో, ఆ మన్ను ఏ కొండలనుండి, ఏ చేలనుండి కొట్టుకొనివచ్చినదో ఆ వారము ఒక్క పిల్లకైన చెప్పితిమా? నీరు తిరుగునప్పుడు ఒంటరిగా తిరుగదు.

కావున సంఘమువారిని మేము కోరునది యొకటి. ఉగాదికి పద్యపఠనపు బహుమతులు ఉండనిండు. వాటి ప్రక్కన, నాలుగు నెలలపాటు దినదినము వానను కొలిచి తెలుగులో నోటుపుస్తకమున వ్రాసిన పిల్లకు ఒక బహుమతి ఏర్పరచుడు. ఖర్చు స్వల్పము.

మా యింట ఆ పుస్తకము మొదలైనది. మొన్న ఆ పిల్ల లెక్క వ్రాసికొనుచు, "తాతయ్యా, ఇంత వానతో వరి పండదు కదా? మరి మనం తీసుకున్నాక కాలువలో చివరివాళ్లకి ఎంత మిగులుతుంది?" అని అడిగెను. ఆమె తండ్రి అక్కడనే కూర్చుండియుండెను. మడికి నీరు పెట్టు వేళయైనదని కండువా దులుపుకొని లేచిపోయెను.