సముద్రం దాటే బుల్లెట్

1955లో మద్రాస్ మోటార్స్ సంస్థ, ఇంగ్లండులోని రెడిచ్ కంపెనీ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించాయి. తొలి రోజుల్లో బుల్లెట్ మోటారు సైకిలు విడిభాగాలుగా ఓడలో వచ్చి మద్రాసులో కూర్చబడేది. కొన్నేళ్లకు భాగాలన్నీ తిరువొత్తియూరు కర్మాగారంలోనే తయారు కాసాగాయి. ఇంగ్లండులోని మాతృసంస్థ కాలగర్భంలో కలిసిపోయినా మద్రాసు బుల్లెట్ నిలిచింది. 1977 నుంచి అది ఇంగ్లండుకే ఎగుమతి అయింది.

నేడు అదే బుల్లెట్ మరొక కారణంగా ఓడ ఎక్కుతున్నది. విదేశాలలో స్థిరపడదలచినవారిలో కొందరు, తండ్రి నడిపిన బండిని ఇక్కడ వదలి వెళ్లలేక వెంట తీసుకుపోవాలని సంకల్పిస్తున్నారు. లాభనష్టాల లెక్క చూస్తే ఇది తెలివైన పని కాదు. కాని ఇటువంటి నిర్ణయాలు లెక్కలను బట్టి జరిగేవి కావు. అయితే వీరిలో చాలామంది మొదట చేసే పని బండికి కొత్త రంగు వేయించడం. నిజానికి అది చివరి పని. ఒక్కొక్కప్పుడు చేయకూడని పని కూడా. ఆస్ట్రేలియా ప్రయాణాన్ని ఉదాహరణగా తీసుకుంటే ఈ సంగతి స్పష్టపడుతుంది.

మొదట సరిచూడవలసినవి కాగితాలు. తండ్రి గతించి ఏళ్లు గడచినా బండి ఆయన పేరిటే ఉండడం మన ఇళ్లలో సర్వసాధారణం. వారసుడు ఫారం 31 దాఖలు చేసి రిజిస్ట్రేషనును తన పేరిట మార్పించుకోవాలి. సొంత వాహనాల రిజిస్ట్రేషను పదిహేనేళ్లకే చెల్లుతుంది. ఆపైన అయిదేళ్లకొకసారి పునరుద్ధరించాలి. గడువు దాటి షెడ్డులో పడి ఉన్న బండికి ఈ లోటు కూడా తీర్చాలి. ఏనాడో తీరిపోయిన అప్పు తాలూకు తాకట్టు నమోదు ఆర్.సి. పుస్తకంలో మిగిలి ఉంటే దానినీ రద్దు చేయించాలి.

తరువాత బండి మీది అంకెలు. ఛాసిస్ నెంబరు, ఇంజను నెంబరు పుస్తకంలోని వాటితో అక్షరం తేడా లేకుండా సరిపోవాలి. ఎప్పుడో ఇంజను మార్చి ఆ మార్పును నమోదు చేయించని బండ్లు తక్కువేమీ కాదు. ఆ సంగతి రేవులో బయటపడడం కంటె ఇంటివద్ద బయటపడడం మేలు. తుప్పు వదిలించే ఉత్సాహంలో ఆ అంకెల మీద గరుకు కాగితం రుద్దకూడదు. దళసరి రంగుతో వాటిని పూడ్చకూడదు. చెరిగిన అంకె అనుమానానికి తావిస్తుంది.

ఆస్ట్రేలియాలో 2018 నాటి రోడ్డు వాహనాల ప్రమాణాల చట్టం 2021 జూలై 1న అమలులోకి వచ్చింది. తయారై ఇరవై అయిదేళ్లు నిండిన వాహనాలకు అందులో ప్రత్యేకమైన మార్గం ఉంది. కనుక తయారీ సంవత్సరానికి రుజువు చూపగలగాలి. దిగుమతి అనుమతి చేతికందిన తరువాతే బండిని ఓడకు అప్పగించాలి. బండి ముందు, అనుమతి వెనుక అయితే రేవులో అద్దె పెరుగుతూ పోతుంది. ఒక్కొక్కప్పుడు బండి తిరుగు ఓడ ఎక్కవలసి వస్తుంది.

అన్నిటికంటె పెద్ద చిక్కు కంటికి కనిపించనిది. అది రాతినార, అంటే ఆస్‌బెస్టాస్. దాని సన్నని పోగులు ఊపిరితిత్తులలో చేరి ఏళ్ల తరబడి నిలిచి ప్రాణాంతక వ్యాధులకు దారితీస్తాయి. 2003 డిసెంబరు 31 నుంచి ఆస్ట్రేలియా దానిని పూర్తిగా నిషేధించింది. వేడికి తట్టుకొనే గుణం వల్ల పూర్వం బ్రేకు లైనింగులలో, క్లచ్ ప్లేట్లలో, ఇంజను గాస్కెట్లలో దీనిని విరివిగా వాడేవారు. పాత బండిలో ఇవి ఇంకా ఉండవచ్చు. కొత్తగా కొన్న విడిభాగమైనా పాత సరుకు కావచ్చు. అందువల్ల ఈ భాగాలను రాతినార లేనివాటితో మార్పించి, బిల్లులు, ఫొటోలు, అవసరమైతే పరీక్షశాల నివేదిక భద్రపరచుకోవాలి. బ్రేకు డ్రమ్ములోని ధూళిని నోటితో ఊదడం, గాలి పంపుతో చిమ్మడం మన మెకానిక్కులకు అలవాటు. ఆ ధూళిని తడిగుడ్డతో తుడవడమే క్షేమం. బండి యజమాని ఈ మాట మెకానిక్కుకు తప్పక చెప్పాలి.

ఇక మట్టి. పరదేశపు విత్తనాలు, పురుగులు, తెగుళ్లు తమ పొలాలలో ప్రవేశించకుండా ఆస్ట్రేలియా అధికారులు కఠినంగా కాపలా కాస్తారు. మడ్‌గార్డు అడుగున ఎండిపోయిన బురద, గొలుసు పెట్టెలోని గడ్డిపరక, టూల్ బాక్సులో సాలెగూడు చాలు, బండిని ఆపి యజమాని ఖర్చు మీద మళ్లీ కడిగించడానికి. చక్రాలు, సీటు, టాంకు విప్పి మూలమూలలా కడిగి ఆరబెట్టాలి. పెట్టెకు వాడే కలపకూ ఇదే నియమం. కలపను లోపలి వరకు 56 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కనీసం 30 నిమిషాలు ఉంచడం ఆమోదిత పద్ధతులలో ఒకటి. ఆ ముద్ర లేని చెక్కపెట్టె పనికిరాదు.

చివరగా ప్రయాణపు కట్టు. టాంకులోను, కార్బురేటరులోను పెట్రోలు తీసివేయాలి. బ్యాటరీ తీగలు విప్పాలి. ప్లగ్గు తీసి సిలిండరులో కొద్దిగా నూనె వేసి, ఇంజనును రెండు మూడు సార్లు తిప్పితే ఉప్పుగాలి తేమకు లోపల తుప్పు పట్టదు. హ్యాండిలు, ముందు చక్రం విప్పితే పెట్టె చిన్నదై, ఘనపరిమాణాన్ని బట్టి లెక్కించే కిరాయి తగ్గుతుంది. విప్పిన ప్రతి మరకు చీటీ కట్టాలి.

ఇంత శ్రమ పడలేనివారు, పడినా ఛాసిస్ తుప్పుకు తినిపోయినవారు, బండిని ఇక్కడే ఒక తమ్ముడి చేతిలోనో, శ్రద్ధగల మెకానిక్కు చేతిలోనో ఉంచడం తప్పు కాదు. కదలని బండి కంటె నడిచే బండే తండ్రిని ఎక్కువగా గుర్తుచేస్తుంది. తీసుకుపోదలచినవారికి మాత్రం ఒక ఊరట ఉంది. ఆస్ట్రేలియాలోనూ వాహనాలు రోడ్డుకు ఎడమ వైపునే నడుస్తాయి. పాత బుల్లెట్ గేరు కుడికాలి కిందనే ఉంటుంది. అలవాటైన కాలికి అక్కడ కొత్తగా నేర్చుకోవలసినది అంతగా ఉండదు. టాంకు మీద తండ్రి మోకాళ్లు రాసుకొని వెలిసిన రంగును ఏ అధికారీ తప్పు పట్టడు. దానిని అలాగే ఉండనివ్వవచ్చు.