బావిలో బ్లీచింగ్ వేశారు సరే... మిగిలిందెంత?

పాలంపేట అనగానే రామప్ప గుడి గుర్తొస్తుంది. గుడికి దగ్గర్లోనే కాకతీయుల కాలంనాటి చెరువు. ఇక్కడ నీళ్లకు కొదవలేదు. కానీ ఆ నీళ్లే హద్దు మీరితే తాగునీటికి ముప్పు. 2023 జులై 27 ఉదయంతో ముగిసిన 24 గంటల్లో ఇదే వెంకటాపూర్ మండలంలోని లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అప్పటిదాకా తెలంగాణలో ఒక్కరోజులో అంత వాన నమోదైంది లేదు. అలాంటి వాన పడితే పెంటకుప్పల మురుగు, మరుగుదొడ్ల గుంతల నీరు బావుల్లోకి చేరతాయి. వెనకే వాంతులు, విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు!

వరద తగ్గాక బావిలో గుప్పెడు బ్లీచింగ్ పౌడర్ చల్లేసి, ఇక భయం లేదనుకుంటాం. అయితే ఎంత వేశామన్నది కాదు, గంట తర్వాత నీటిలో ఎంత క్లోరిన్ మిగిలిందన్నదే ముఖ్యం. బురద, కుళ్లిన ఆకులు క్లోరిన్‌ను ముందే మింగేస్తాయి. వాటికి పోగా మిగిలిందే క్రిముల పని పడుతుంది. అందుకే బావి నీళ్లు బురదగా ఉంటే ముందు ఆ నీటిని తోడించాలి. బావి గోడలు కూలకుండా కొద్దికొద్దిగా తోడటం మంచిది. నీళ్లు తేరుకున్నాకే మందు.

లెక్క ఇలా...

బావి వ్యాసాన్ని వ్యాసంతోనే గుణించి, దాన్ని నీటి లోతుతో, ఆపైన 785తో గుణించండి. కొలతలు మీటర్లలో ఉంటే లీటర్లు వస్తాయి. రెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల నీళ్లున్న బావిలో దాదాపు 9,400 లీటర్లన్నమాట. తేటనీటికి వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల తాజా పౌడర్ చొప్పున 24 గ్రాములు సరిపోతుంది. కలుషితమైన నీటికి ఇంకా ఎక్కువే పడుతుంది. ఎంతన్నది పరీక్షే చెబుతుంది.

పౌడర్‌ను నేరుగా బావిలో చల్లకండి. ప్లాస్టిక్ బకెట్‌లో కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, తర్వాత బకెట్ ముప్పాతిక వరకు నీళ్లు పోయండి. పది నిమిషాల్లో సున్నం అడుక్కి దిగుతుంది. పైన తేటను మాత్రమే మరో బకెట్‌లోకి వంపి, దాన్ని తాడుతో బావిలోకి దించి, పైకీ కిందికీ ఆడించాలి. రాత్రిపూట ఈ పని చేస్తే తెల్లారేసరికి నీళ్లు సిద్ధం.

ఇక పరీక్ష. పంచాయతీ సిబ్బందిని క్లోరోస్కోప్ అడగండి. సీసాలో నీళ్లు పట్టి చుక్కల మందు వేస్తే రంగు వస్తుంది. దాన్ని పక్కనున్న రంగులతో పోల్చాలి. మందు కలిపిన గంట తర్వాత లీటరుకు అర మిల్లీగ్రాము క్లోరిన్ ఉండాలి. రంగే రాకపోతే?

* పౌడర్ పాతదై ఉండొచ్చు. తాజా సరుకులో మూడో వంతు దాకా క్లోరిన్ ఉంటుంది. మూత తీసి ఉంచినా, ఎండ, చెమ్మ తగిలినా అది ఎగిరిపోతుంది.
* నీటిలో మురికి ఎక్కువై ఉండొచ్చు. మోతాదు కొంచెం పెంచి, మళ్లీ గంటాగి చూడాలి.

క్లోరిన్ కనిపించినా నీటి పీహెచ్ 8 దాటితే దాని పని మందగిస్తుంది. అప్పుడు ఇంకాస్త ఎక్కువసేపు ఆగాలి.

ఈత కొలనుదీ ఇదే సూత్రం. ఉప్పునీటి కొలనులో క్లోరిన్ ఉండదనుకుంటారు చాలామంది. ఉంటుంది! ఉప్పునీటిలోకి కరెంటు పంపి అక్కడికక్కడే తయారుచేస్తారు, అంతే తేడా. అక్కడ కళ్లు మండించే ఘాటు వాసన క్లోరిన్ ఎక్కువైందని కాదు, ఈదేవాళ్ల చెమట, మూత్రంతో కలిసి అది ఖర్చైపోయిందని చెబుతుంది. కాబట్టి బావికైనా కొలనుకైనా వాసన కొలబద్ద కాదు, పరీక్షే కొలబద్ద.

రెండు హెచ్చరికలు. బ్లీచింగ్ పౌడర్‌ను బాత్రూం కడిగే యాసిడ్‌తో ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. క్లోరిన్ క్రిములనే చంపుతుంది, ఫ్లోరైడ్‌నూ పురుగుమందులనూ తీసేయలేదు. మామూలు మోతాదుకు అమీబా గుడ్లూ చావవు. అందుకే ముసురు తగ్గేదాకా పసిపిల్లలకు, పెద్దవాళ్లకు ఆ నీటినే కాచి, చల్లార్చి ఇవ్వండి.