రైలుకీ ఓడకీ మధ్య ఒక రోజు

ఓడ ప్రయాణం అంటే మన కోస్తా జిల్లాల్లో ఒకప్పుడు రంగం ప్రయాణమే. కూలి కోసమో, వ్యాపారం కోసమో మగవాళ్లు విశాఖపట్నంలోనో, కాకినాడలోనో ఓడెక్కి రంగూన్ వెళ్లిపోయేవారు. ఆడవాళ్లలో ఎక్కువమంది ఊళ్లోనే ఉండి, ఉత్తరం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేవారు. ఇప్పుడు రోజులు మారాయి. పెళ్లయి పాతికేళ్లయిందనో, అబ్బాయికి ఉద్యోగం వచ్చిందనో, ఆయన రిటైరయ్యారనో ఇంటిల్లిపాదీ సరదాగా ఓడెక్కి, రెండు మూడు రాత్రులు సముద్రం మీద గడిపి వస్తున్నారు. 2021 సెప్టెంబరులో ముంబై నుంచి గోవా, లక్షద్వీప్ వైపు ఇలాంటి విహార ఓడ మొదలైంది. 2022 జూన్‌లో అదే ఓడ చెన్నైకీ, మన విశాఖకీ వచ్చింది. విశాఖలో 96 కోట్ల రూపాయలతో కట్టిన క్రూయిజ్ టెర్మినల్‌ని 2023 సెప్టెంబరులో ప్రారంభించారు కూడా.

అయినా మనకి కావలసినప్పుడు విశాఖలో ఓడ సిద్ధంగా ఉండదు. చాలామంది ముంబైకో, చెన్నైకో వెళ్లి ఎక్కాల్సిందే. హైదరాబాద్ నుంచి ముంబైకి రైల్లో పద్నాలుగు పదిహేను గంటలు. విజయవాడ నుంచి దాదాపు ఇరవై. విశాఖ నుంచైతే ఒక పగలూ ఒక రాత్రీ దాటిపోతుంది. సరిగ్గా ఇక్కడే ప్రతి ఇంట్లో ఒక చర్చ జరుగుతుంది.

"పొద్దున్నే ముంబైలో దిగుతాం. మధ్యాహ్నం ఓడెక్కేస్తాం. ముందురోజే వెళ్లి లాడ్జికి డబ్బు తగలెయ్యడం దేనికి?" అంటారు ఆయన. పిల్లలు తలూపుతారు. అత్తగారు కూడా "నిజమే కదమ్మా, దండగ" అంటారు. ఇల్లాలు కూడా "సరేలెండి" అనేస్తుంది. ఎందుకంటే పొదుపు అనే మాట వినబడగానే ముందుగా తన సుఖాన్నే తగ్గించుకోవడం మనకి అలవాటు.

ఈ ఒక్క విషయంలో మాత్రం "సరేలెండి" అనకండి అని నా సలహా. రైలు దిగిన రోజుకీ, ఓడెక్కే రోజుకీ మధ్య ఒక రాత్రి ఉండి తీరాలి. దాని ఖర్చు కూడా విహారం ఖర్చులో భాగమే.

రైలే ఎందుకు?

"అంత గొడవ దేనికి, విమానంలో వెళ్లొచ్చుగా" అనేవాళ్లుంటారు. స్తోమత ఉన్నవాళ్లు వెళ్లొచ్చు. కానీ అయిదారుగురు కలిసి బయల్దేరినప్పుడు ఓడ టికెట్ల మీద విమానం టికెట్లు కూడా అంటే అది చిన్న మొత్తం కాదు. మోకాళ్ల నొప్పులున్న అత్తగారు రైల్లో అయితే కాళ్లు చాపుకుని పడుకోవచ్చు. సామాను తూకం వేసి అదనపు డబ్బు అడుగుతారేమోనన్న బెంగ అంతగా ఉండదు. పిల్లలకి కిటికీ, మనకి నాలుగు కబుర్లు. పైగా విమానం మాత్రం ఎప్పుడూ వేళకే వస్తుందా? 2025 డిసెంబరు మొదటి వారంలో దేశమంతటా వందల విమానాలు రద్దయి, జనం విమానాశ్రయాల్లో నేలమీద పడుకున్నారు. కాబట్టి రైలా విమానమా అన్నది అసలు ప్రశ్న కాదు. దేంట్లో వెళ్లినా ఓడకి ముందు ఖాళీ ఉంచుకున్నామా లేదా అన్నదే ప్రశ్న.

ఓడ మనకోసం ఆగదు

ఒకప్పుడు ఆగేది! అప్పట్లో రైలూ ఓడా ఒకదాని కోసం ఒకటి ఎదురుచూసేవి. 1914లో పాంబన్ వంతెన తెరిచాక మద్రాసు ఎగ్మూరు నుంచి ధనుష్కోడికి బోట్ మెయిల్ నడిచేది. అక్కడ దిగినవాళ్లు ఓడెక్కి సింహళంలోని తలైమన్నార్ చేరి, మళ్లీ రైల్లో కొలంబో వెళ్లేవారు. అంతటికీ ఒకటే టికెట్టు. 1964 డిసెంబరు తుపానులో ధనుష్కోడి కొట్టుకుపోవడంతో ధనుష్కోడి మీదుగా నడిచే ఆ ఏర్పాటు ముగిసిపోయింది. బొంబాయిలోనూ అంతే. బల్లార్డ్ పియర్ రేవులోనే ఒక రైల్వే స్టేషన్ ఉండేది. సీమ నుంచి వచ్చిన దొరలూ దొరసానులూ ఓడ దిగి, అక్కడే రైలెక్కి ఢిల్లీకో, కలకత్తాకో వెళ్లేవారు. ఆ స్టేషన్ ఇప్పుడు లేదు. ఇవాళ విహార ఓడలు ఎక్కేది మాత్రం ఆ బల్లార్డ్ పియర్ దగ్గరే.

ఇప్పుడు రైలు దారి రైలుది, ఓడ దారి ఓడది. మీ రైలు అయిదు గంటలు ఆలస్యమైందని ఓడవాళ్లకి తెలీదు. తెలిసినా చేసేదేమీ లేదు. ప్రయాణికుల జాబితా ముందే అధికారులకి ఇచ్చెయ్యాలి. రేవు నుంచి బయటికి దారి చూపే పైలట్ వచ్చే వేళ ఖాయమై ఉంటుంది. తర్వాతి రేవులో కూడా వేళకి చేరాలి. అందుకే ఓడ కదలడానికి గంటో, రెండు గంటలో ముందే ఎక్కే తలుపు మూసేస్తారు. ఆ తర్వాత వచ్చినవాళ్లని సామాన్యంగా "రానివాళ్లు"గా రాసుకుంటారు. కట్టిన డబ్బు తిరిగి రాదు.

మరి రైల్వే ఏమిస్తుంది? మీరు ఎక్కాల్సిన స్టేషన్లో రైలు మూడు గంటలకి మించి ఆలస్యమైతే, మీరు ప్రయాణం మానుకుంటే, నిబంధన ప్రకారం అర్జీ పెట్టుకుంటే రైలు టికెట్టు డబ్బు మొత్తం వెనక్కి ఇస్తుంది. దారి మధ్యలో ఆగిపోయి ఓడ తప్పిపోతే ఆ నష్టంతో రైల్వేకి సంబంధం లేదు.

"మన రైలు ఎప్పుడూ టైముకే వస్తుందిలే" అనుకుంటాం. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లా కేసముద్రం దగ్గర వరదకి పట్టాల కింద కంకర, మట్టి కొట్టుకుపోయాయి. విజయవాడ, కాజీపేట మధ్య రైళ్లు రోజుల తరబడి ఆగిపోయాయి. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు చెన్నై మార్గంలో ఎన్నో రైళ్లు రద్దయ్యాయి. అంత పెద్ద విపత్తుకి ఒక రోజు ముందు బయల్దేరినా చాలకపోవచ్చు. కానీ రోజూ జరిగే రెండు గంటల, నాలుగు గంటల ఆలస్యానికి మాత్రం ఆ ఒక్క రోజు నిండుగా సరిపోతుంది. ఏళ్ల తరబడి దాచుకున్న డబ్బుని రైలు టైంటేబుల్ మీద పందెం కాయడం పొదుపు ఎలా అవుతుంది?

ఆ రోజు ఎవరి ఖాతాలో కోసుకుంటున్నారు?

డబ్బు సంగతి అందరికీ తెలుస్తుంది. ఎవరూ లెక్క వెయ్యనిది ఇంకొకటుంది. రైలెక్కడానికి మూడు రోజుల ముందు నుంచీ ఇంట్లో ఎవరు ఎంత పని చేస్తున్నారో గమనించారా? పాలవాడికి చెప్పడం, పనిమనిషికి చెప్పడం, తాళంచెవి పక్కింటి వాళ్లకి ఇవ్వడం, గ్యాస్ కట్టెయ్యడం, మామగారి బీపీ మాత్రలు, పిల్లల స్వెట్టర్లు, అందరి బట్టల ఇస్త్రీ. బయల్దేరే రోజు తెల్లవారుజామునే పులిహోర, పెరుగన్నం, చపాతీలు. రైల్లో అందరికీ పెట్టి, అందరూ పడుకున్నాక సామాను మీద ఒక కన్నేసి సగం నిద్ర. పొద్దున దిగీదిగగానే స్టేషన్ వెయిటింగ్ రూములో స్నానాలగది ముందు వరస. పెట్టెలన్నీ అక్కడే పెట్టుకుని ఎవరి టవల్ ఎక్కడుందో వెతికి ఇవ్వడం. ఆ తర్వాత పరుగు పరుగున ఓడ.

ఓడెక్కిన మొదటి సాయంత్రం అందరూ డెక్ మీద నిలబడి, వెనక్కి జరుగుతున్న ముంబై తీరాన్ని చూస్తుంటే, ఆవిడ గదిలో తలనొప్పి మాత్ర వేసుకుని పడుకుని ఉంటుంది. ఉన్నవే రెండు రాత్రులు. అందులో ఒకటి పోయింది. మధ్యలో ఒక రాత్రి కోసేస్తే మిగిలేది లాడ్జి డబ్బు. తగ్గేది ఆవిడ విహారం. ఇంట్లో ఎవరూ దుర్మార్గులు కారు. ఎవరూ చెప్పలేదు కాబట్టి వాళ్లకి తోచలేదు, అంతే.

ఉద్యోగం చేసే వాళ్లకి సెలవుల చిక్కు కూడా ఉంది. ఉన్న నాలుగు సెలవులూ పిల్లల పరీక్షలకీ, పెద్దవాళ్ల ఆస్పత్రికీ, శ్రావణమాసం నోములకీ పోతాయి. "ఇంకో రోజు సెలవంటే ఆఫీసులో ఏమంటారో" అని ఆ ఒక్కరోజూ మనమే వదులుకుంటాం. మీ కోసం పెట్టుకున్న సెలవు ఏడాదిలో ఒక్కటైనా ఉందా? లేకపోతే ఇదే మొదటిది కానివ్వండి.

కొంచెం ముందుచూపు

ఓడ టికెట్లు చాలామంది నెలల ముందు కొంటారు. రైలు రిజర్వేషన్ మాత్రం 2024 నవంబరు 1 నుంచి 60 రోజుల ముందే తెరుస్తున్నారు. అంతకుముందు 120 రోజులుండేది. కాబట్టి ఓడ తేదీ కుదరగానే, రైలు రిజర్వేషన్ తెరిచే తేదీని క్యాలెండర్లో గుర్తు పెట్టుకోండి.

టికెట్ మీద ముంబై అని ఉంటే చాలదు, ఏ స్టేషనో చూసుకోండి. ఛత్రపతి శివాజీ మహరాజ్ టెర్మినస్‌లో దిగితే బల్లార్డ్ పియర్ రెండు కిలోమీటర్ల లోపే. కుర్లా దగ్గరి లోకమాన్య తిలక్ టెర్మినస్‌లో దిగితే పదిహేను కిలోమీటర్ల పైమాటే. అదీ ముంబై ట్రాఫిక్‌లో!

45 ఏళ్లు దాటిన ఆడవాళ్లకి కింది బెర్తుల కోటా ఉంది. ఒకరో ఇద్దరో కలిసి తీసుకునే టికెట్టుకే అది వర్తిస్తుంది. ఆరుగురికీ ఒకే టికెట్టు తీస్తే ఆ అవకాశం పోతుంది. అత్తగారికీ మీకూ విడిగా తీసుకోండి. స్నేహితురాళ్లంతా కలిసి వెళ్తున్నా ఇది పనికొస్తుంది. దారిలో ఏ ఇబ్బంది వచ్చినా 139కి ఫోన్ చెయ్యడానికి మొహమాటపడకండి.

తినుబండారాలు రైలుకి సరిపడానే కట్టుకోండి. ఇంట్లో వండిన పదార్థాలనీ, ఎలక్ట్రిక్ కెటిల్, ఇస్త్రీపెట్టె లాంటివాటినీ సామాన్యంగా ఓడలోకి రానివ్వరు. రెండు రోజులు కూర్చుని చేసిన జంతికల డబ్బా రేవు గుమ్మంలో వదిలెయ్యాల్సి వస్తే ప్రాణం ఉసూరుమంటుంది. గుర్తింపు కార్డులో పేరూ, ఓడ టికెట్టులో పేరూ ఒకేలా ఉన్నాయో లేదో ఇంట్లోనే చూసుకోండి. పెళ్లికి ముందు ఇంటిపేరు ఒక దాంట్లో, తర్వాతిది ఇంకోదాంట్లో ఉండే బాధ ఆడవాళ్లకే కదా!

ఇక ఆ రాత్రి ఎక్కడుండాలి? పెద్ద స్టేషన్లలో రైల్వే వాళ్ల రిటైరింగ్ గదులు, డార్మిటరీలు ఉంటాయి. పీఎన్‌ఆర్ నంబరుతో ముందే తీసుకోవచ్చు. లాడ్జి కంటే చవక. "ముంబైలో మనవాళ్లున్నారుగా" అంటారు కొందరు. నిజమే, కరీంనగర్, నల్గొండ వైపు నుంచి మిల్లు పనులకి వెళ్లి తరాలుగా స్థిరపడ్డ తెలుగువాళ్లు అక్కడ ఎందరో. వాళ్లింట్లో దిగడం తప్పేమీ కాదు. కానీ చిన్న ఇంట్లో ఆరుగురికి వండి వార్చేది కూడా ఒక ఇల్లాలే. మన విశ్రాంతి ఇంకో ఆడదాని వంటగది మీద భారం కాకుండా చూసుకోవాలి. పక్కలు మాత్రమే అడిగి, భోజనం బయట చేద్దామని ముందే చెప్పెయ్యండి.

రైల్వేలో టికెట్లు అమ్మే ఐఆర్‌సీటీసీ 2021లో ఓడ విహారాల ప్యాకేజీలు కూడా అమ్మింది. రెండు టికెట్లూ అమ్మగలిగిన సంస్థ రెంటినీ కలిపి ఒక పూచీ ఇవ్వలేదా? రైలు ఆలస్యమై ఓడ తప్పితే ఇంకో తేదీకి మార్చుకునే వీలు కల్పించడం అంత కష్టమా? అలాగే 58 ఏళ్లు నిండిన స్త్రీలకి రైలు చార్జీలో ఉన్న సగం రాయితీని 2020 మార్చి 20 నుంచి ఆపేశారు. పిల్లల పెళ్లిళ్లు చేసి, బాధ్యతలు తీరాక మొదటిసారి సరదాగా బయల్దేరే వయసు అదే. ఆ రాయితీని తిరిగి ఇవ్వాలని మనం గట్టిగా అడగాలి.

వాళ్లు ఇచ్చేదాకా మన జాగ్రత్త మనది. వచ్చే సెలవుల్లో మీ ఇంట్లో ఓడ ప్రయాణం మాట వస్తే, ఖర్చుల కాగితం మీరే తీసుకోండి. పైన ఓడ టికెట్లు రాయండి, దాని కింద రైలు టికెట్లు రాయండి. మూడో వరసలో ఆ మధ్య రాత్రికి గది అద్దె రాయండి. ఎవరైనా దాన్ని కొట్టెయ్యబోతే, "ఇది తప్ప ఇంకేదైనా తగ్గిద్దాం" అని నవ్వుతూనే చెప్పండి. గట్టిగానే చెప్పండి.