విశ్రాంతి దినాల లెక్క సరిచేయకుండా రగ్బీ ప్రపంచ కప్‌ను పెంచితే ఏం లాభం?



2027 అక్టోబరు 1 నుంచి నవంబరు 13 వరకు ఆస్ట్రేలియాలో జరగబోయే పురుషుల రగ్బీ ప్రపంచ కప్‌లో జట్ల సంఖ్య 20 నుంచి 24కు పెరగడాన్ని ఆట విస్తరణగా భావించి స్వాగతిస్తున్నవారు చాలామందే ఉన్నారు. అయితే ఆ మార్పులో దాగి ఉన్న అసలు మేలు గురించి గాని, దాని వెంట వస్తున్న కొత్త చిక్కుల గురించి గాని తగినంత చర్చ జరగడం లేదు. 2003 నుంచి 2023 వరకు ఆరు టోర్నీలను అయిదేసి జట్లున్న నాలుగు గ్రూపులుగా నడిపారు. గ్రూపులో అయిదు జట్లుంటే, అది బేసి సంఖ్య కాబట్టి, ప్రతి విడతలోనూ ఒక జట్టు ఖాళీగా కూర్చోక తప్పదు. ఫలితంగా ఒక జట్టుకు వారం విరామం దొరికితే మరొక జట్టుకు కొన్నిసార్లు నాలుగు రోజులే దొరికేవి. 2027లో నాలుగేసి జట్లతో ఆరు గ్రూపులు ఏర్పడుతున్నందున ప్రతి విడతలోనూ అన్ని జట్లూ ఆడతాయి, మూడు విడతల్లో గ్రూపు దశ ముగుస్తుంది. విశ్రాంతిని సమానంగా పంచే అవకాశం ఇరవై ఏళ్ల తర్వాత లెక్కల పుణ్యమా అని తనంతట తానే చేతికి వస్తున్నదన్నమాట. ఆ అవకాశాన్ని నియమంగా రాసిపెట్టాలన్నదే ఈ లేఖ ఉద్దేశం.

విశ్రాంతి దినాలకు ఇంత ప్రాధాన్యం ఎందుకో రగ్బీతో పరిచయం లేని పాఠకులకు కొంత వివరించాలి. పదిహేనేసి మంది ఎనభై నిమిషాల పాటు ఆడే ఈ ఆటలో బంతి పట్టుకుని పరిగెత్తేవాడిని ఒడిసిపట్టి నేలకూల్చడం నిబంధనలకు లోబడిన పనే. రెండు పక్షాల నుంచి ఎనిమిదేసి మంది తలలు వంచి, భుజాలు కలిపి, ఒకరినొకరు నెట్టుకుంటూ బంతి కోసం పెనుగులాడే ఘట్టాన్ని స్క్రమ్ అంటారు. ఒంటికి బరువైన కవచాలేమీ ఉండవు. ఇటువంటి ఆట ఆడిన శరీరం నాలుగు రోజుల్లో తేరుకోవడం కష్టం. 2023లో ఒక్కో జట్టు 33 మంది ఆటగాళ్లను తెచ్చుకుంది. న్యూజిలాండ్ వంటి దేశం పదిహేను మందినీ మార్చి దింపినా ఆట స్థాయి పెద్దగా తగ్గదు, సమోవాకో ఉరుగ్వేకో ఆ వెసులుబాటు ఉండదు. కాబట్టి తక్కువ విరామం అందరికీ ఒకేలా కష్టం కలిగించదు, ఉన్న అంతరాన్ని మరింత పెంచుతుంది.

ఇందుకు జపాన్, స్కాట్లాండ్‌లను మించిన ఉదాహరణ దొరకదు. 2015లో ఇంగ్లండ్‌లో జరిగిన టోర్నీలో సెప్టెంబరు 19న బ్రైటన్ నగరంలో జపాన్ 34–32తో దక్షిణాఫ్రికాను ఓడించింది. ప్రపంచ కప్ చరిత్రలో అంతటి సంచలనం మరొకటి లేదంటే అతిశయోక్తి కాదు. ఆ జట్టే నాలుగు రోజులకు, సెప్టెంబరు 23న, అప్పటికి ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా తాజాగా ఉన్న స్కాట్లాండ్‌ను ఎదుర్కొని 45–10తో చిత్తయింది. ఆ తర్వాత సమోవాను, అమెరికాను ఓడించినా జపాన్‌కు క్వార్టర్ ఫైనల్ దక్కలేదు. గ్రూపులో మూడు మ్యాచ్‌లు గెలిచి కూడా ఇంటిముఖం పట్టిన మొదటి జట్టు అదే. నాలుగేళ్లు గడిచాయి, 2019లో ఆతిథ్యం జపాన్‌దైంది. అక్టోబరు 13న యోకొహామాలో మళ్లీ ఆ రెండు జట్లే తలపడినప్పుడు జపాన్ ఎనిమిది రోజుల క్రితం, అంటే అక్టోబరు 5న, సమోవాతో ఆడి విశ్రాంతి తీసుకుని ఉంది. స్కాట్లాండ్ మాత్రం 9వ తేదీన రష్యాతో ఆడి వచ్చింది. ఈసారి జపాన్ 28–21తో గెలిచింది, స్కాట్లాండ్ ఇంటికి వెళ్లింది. జపాన్ ఆ నాలుగేళ్లలో ఎంతో ఎదిగిందన్నది నిజమే, ఆ గెలుపును తక్కువ చేయడం న్యాయమూ కాదు. కానీ ఆ రెండు జట్ల మధ్య విరామాల లెక్క అటుదిటు కావడానికి కారణం ఆటలో లేదు, ఆతిథ్యం ఎవరిదన్న దానిలో ఉంది.

ఆతిథ్య దేశం ఆడే మ్యాచ్‌లు శని, ఆదివారాల్లో పడితే స్టేడియాలు నిండుతాయి, టెలివిజన్ ప్రేక్షకులు పెరుగుతారు. అంతర్జాతీయ పాలక సంస్థ అయిన వరల్డ్ రగ్బీకి నాలుగేళ్లకోసారి వచ్చే ఈ టోర్నీయే ప్రధాన ఆదాయ వనరు కాబట్టి ఆ మొగ్గును అర్థం చేసుకోవచ్చు. వారం మధ్యలో మిగిలే తేదీలు ఎవరి నెత్తిన పడతాయన్నదే ప్రశ్న. 2011లో న్యూజిలాండ్‌లో సమోవా సెప్టెంబరు 14న నమీబియాతో ఆడి 18న వేల్స్‌ను ఎదుర్కొంది. వేల్స్‌కు అంతకుముందు పూర్తి వారం విరామం ఉంది. ఆ మ్యాచ్‌లో సమోవా ఏడు పాయింట్ల తేడాతోనే ఓడింది.

ఆతిథ్య దేశం సౌకర్యం చూసి టోర్నీ స్వరూపాన్నే వంచిన సందర్భం 2023లో మరింత స్పష్టంగా కనిపించింది. టికెట్ల అమ్మకానికీ ఏర్పాట్లకూ వ్యవధి కావాలన్న ఆలోచనతో, ఏ గ్రూపులో ఎవరుండాలో తేల్చే డ్రాను 2020 డిసెంబరులోనే, అదీ ఆ ఏడాది జనవరి నాటి ర్యాంకుల ఆధారంగా తీశారు. టోర్నీ మొదలయ్యేనాటికి ప్రపంచంలోని మొదటి అయిదు జట్లూ డ్రాలో ఒకే సగంలో ఇరుక్కున్నాయి. ఫైనల్‌కు తగిన పోటీలు క్వార్టర్ ఫైనల్లోనే అయిపోయాయి. ఐర్లాండ్ నాలుగు పాయింట్ల తేడాతో న్యూజిలాండ్ చేతిలో, ఆతిథ్య దేశమైన ఫ్రాన్స్ ఒకే ఒక్క పాయింట్ తేడాతో దక్షిణాఫ్రికా చేతిలో ఓడి నిష్క్రమించాయి. టికెట్ల కోసం తొందరపడిన తేదీ చివరికి ఆతిథ్య దేశానికే చేటు తెచ్చిందని అనుకోవలసి వస్తుంది. 2027 టోర్నీకి డ్రాను 2025 డిసెంబరు దాకా ఆపడం మెచ్చుకోదగిన దిద్దుబాటు.

ఇక కొత్త పద్ధతిలోని లోపాలకు వస్తే, ఆరు గ్రూపుల నుంచి మొదటి రెండు స్థానాల జట్లు పన్నెండు, మూడో స్థానంలో నిలిచినవాటిలో మెరుగైన నాలుగు కలిసి నాకౌట్‌కు, అంటే ఓడితే ఇంటికే అన్న దశకు, చేరతాయి. 36 మ్యాచ్‌లు ఆడించి ఎనిమిది జట్లను మాత్రమే తీసేయడం కొంత వింతగానే ఉంది. వేర్వేరు ప్రత్యర్థులతో ఆడిన మూడో స్థానపు జట్లను ఏ తూకంతో పోల్చాలన్నది అంతకన్నా చిక్కు ప్రశ్న. 2003లో ఆస్ట్రేలియా నమీబియాపై 142–0తో గెలిచిన ఆట ఇది. గ్రూపులో ఒక బలహీన జట్టు ఉన్నదా లేదా అన్నదాన్ని బట్టి పాయింట్ల వ్యత్యాసం తలకిందులవుతుంది.

ఈ దారిలో ఒకసారి నడిచిన అనుభవం లేకపోలేదు. 1999లో అయిదు గ్రూపులుండగా రెండో స్థానపు జట్లు అయిదింటినీ, మెరుగైన మూడో జట్టునూ కలిపి వారం మధ్యలో, అక్టోబరు 20న, అదనపు పోటీ పెట్టారు. గెలిచిన ఇంగ్లండ్, స్కాట్లాండ్, అర్జెంటీనాలు నాలుగు రోజులకే, అక్టోబరు 24న, విశ్రాంతి తీసుకుని సిద్ధంగా ఉన్న జట్లతో క్వార్టర్ ఫైనల్ ఆడి మూడూ ఓడిపోయాయి. ఆ పద్ధతిని మళ్లీ ఎవరూ తలపెట్టలేదు.

చిన్న దేశాల వైపు నుంచి చూస్తే మరొక నష్టం ఉంది. అయిదు జట్ల గ్రూపులో ఎవరికైనా నాలుగు మ్యాచ్‌లు ఖాయం, ఇప్పుడు మూడే. 1991 తర్వాత మళ్లీ ప్రపంచ కప్‌కు అర్హత సాధించిన జింబాబ్వే ముప్పై ఆరేళ్లు ఎదురుచూసి మూడు మ్యాచ్‌లకే తిరుగుముఖం పట్టవచ్చు. ఏడుగురేసి ఆడే పొట్టి రగ్బీ టోర్నీల్లో ఓడిన జట్లకు విడిగా ప్లేట్ అనే చిన్న కప్పు పెట్టే ఆనవాయితీ ఉంది. గ్రూపు దశలో తప్పుకున్న ఎనిమిది జట్లకూ అటువంటి పోటీ పెడితే విస్తరణ అన్న మాటకు అర్థం ఉంటుంది.

ఆతిథ్యం ఒకే దేశానిది కావాలన్నది కూడా రాతిలో చెక్కిన నియమమేమీ కాదు. 1991లో అయిదు దేశాలు మ్యాచ్‌లను పంచుకున్నాయి. 2007లో ఫ్రాన్స్ ఆతిథ్యమిచ్చిన టోర్నీలో ఫ్రాన్స్, న్యూజిలాండ్‌ల క్వార్టర్ ఫైనల్ వేల్స్‌లోని కార్డిఫ్‌లో జరిగింది. ఐరోపాలో ఇంత సులువుగా సరిహద్దులు దాటిన ప్రపంచ కప్, ఆటకు ఇంతమంది గొప్ప క్రీడాకారులను ఇచ్చిన ఫిజీ, సమోవా, టోంగాల గడ్డపై ఒక్క మ్యాచ్‌కైనా ఆగలేదు. (డబ్బూ స్టేడియమూ ఎక్కడుంటే ఆట అక్కడే అన్న సూత్రం మనకూ కొత్త కాదు. 2025లో మొదలైన భారత రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ పేరుతో ఒక జట్టున్నా, ఆ ఏడాది మ్యాచ్‌లన్నీ ముంబయిలోనే జరిగాయి.)

2023 ఆతిథ్యం ఎవరికన్నది తేల్చడానికి వరల్డ్ రగ్బీ స్వయంగా మదింపు చేయించి దక్షిణాఫ్రికాను సిఫారసు చేయించుకుంది, అయినా 2017 నవంబరులో దాని కౌన్సిల్ రహస్య ఓటింగులో 24–15తో ఫ్రాన్స్‌ను ఎంచుకుంది. అటువంటి మదింపుల్లో స్టేడియాలకూ ప్రభుత్వ హామీలకూ ఇచ్చే విలువలో కొంతైనా క్యాలెండరు న్యాయానికి ఇవ్వాలి. తలపడే రెండు జట్ల విరామాల మధ్య తేడా ఒక్క రోజుకు మించరాదని, ఆ నియమం ఆతిథ్య జట్టుకూ వర్తిస్తుందని, ప్రయాణంలో గడిచిన రోజును విశ్రాంతి దినంగా లెక్కించరాదని ఒప్పందంలోనే రాయాలి. ప్రారంభ మ్యాచ్ ఆతిథ్య జట్టు ఆడే ఆనవాయితీని దీనికోసం వదులుకోనక్కరలేదు. ప్రయాణం మాట ఎందుకంటే, ఆస్ట్రేలియాలో పెర్త్ నుంచి సిడ్నీకి మూడు వేల కిలోమీటర్లకు పైగా దూరం ఉంటుంది. 2031లో టోర్నీ జరగబోయే అమెరికాలో తూర్పు, పశ్చిమ తీరాల మధ్య గడియారమే మూడు గంటలు మారుతుంది. ఈ నియమాన్ని 2027లోనే పెట్టకపోతే 2031లో పెట్టడం ఇంకా కష్టమవుతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు