వాచీ చాలదు, పల్లె దవాఖానకు ఈసీజీ కావాలి

సంపాదకులకు,



నాడి చూసే స్మార్ట్ వాచీలు ఇప్పుడు తాండూరు, వికారాబాద్ దుకాణాల్లోనూ దొరుకుతున్నాయి. పట్నంలో ఉద్యోగం చేసే పిల్లలు ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు కొనిస్తున్నారు. వాళ్ల ప్రేమను తప్పుపట్టను. కానీ ఆ వాచీని నమ్ముకుని ఛాతీ నొప్పిని పట్టించుకోకపోతే ప్రాణం మీదికొస్తుంది.

చాలా వాచీలు చర్మం కింది రక్తప్రవాహాన్ని కాంతితో పసిగట్టి నాడి వేగాన్ని లెక్కగడతాయి. ఖరీదైనవి కొన్ని ఒకే లీడ్‌తో ఈసీజీ తీస్తాయి. పక్షవాతానికి దారితీసే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయ దోషాన్ని గుర్తించడానికి అది పనికొస్తుంది. గుండెపోటును మాత్రం పట్టలేదు. 2018లో ఈసీజీ తీసే వాచీని తెచ్చిన యాపిల్ కంపెనీయే ఈ మాట చెబుతోంది. గుండెపోటును గుర్తించాలంటే గుండెను వేర్వేరు వైపుల నుంచి చూసే 12 లీడ్ల ఈసీజీ కావాలి.

అందుకు పెద్దాసుపత్రి దాకా పోనక్కర్లేదు, ఈసీజీ పరికరాలు అంత చిన్నవయ్యాయి. అమెరికాలో నార్మన్ హోల్టర్ 1940ల చివర్లో తయారుచేసిన తొలి సంచార ఈసీజీ పరికరం దాదాపు 38 కిలోలు ఉండేది, వీపున మోయాల్సి వచ్చేది. ఇప్పుడు మన భాభా అణు పరిశోధన కేంద్రమే క్రెడిట్ కార్డంత 12 లీడ్ల టెలీ ఈసీజీని రూపొందించింది. తీసిన ఈసీజీ సెల్‌ఫోన్ ద్వారా ఎక్కడో ఉన్న డాక్టరుకు వెంటనే చేరుతుంది. ఊళ్లోని నర్సు (ఏఎన్ఎం) లీడ్లు సరిగ్గా అమర్చడం నేర్చుకుంటే చాలు, చదివేది డాక్టరే.

మన వికారాబాద్ జిల్లాకు ఇది ఎందుకు అవసరమో చెప్పాలి. నాపరాయి గనిలోనో పాలీషింగ్ యూనిట్‌లోనో కూలీకి ఛాతీ పట్టేస్తే గ్యాస్ అనుకుని సోడా తాగుతాడు. తగ్గకపోతే ఆర్ఎంపీ దగ్గరికి, ఆ తర్వాత తాండూరుకు, చివరికి 100 కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని హైదరాబాద్‌కు. రక్తనాళం మూసుకున్నాక గడిచే ప్రతి నిమిషానికీ గుండె కండరం కొంత చచ్చిపోతుంది. నాళాన్ని మూసిన రక్తపు గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ వంటి ఇంజెక్షన్ తొలి గంటల్లో పడితేనే ఎక్కువ మేలు. మూసుకున్న నాళాన్ని తెరిచే క్యాథ్‌ల్యాబ్ లేని ఆసుపత్రిలోనూ దాన్ని ఇవ్వవచ్చు. అయితే ముందుగా ఈసీజీ ఉండాలి, దాన్ని చదివే డాక్టరు ఉండాలి.

కాబట్టి ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ, పల్లె దవాఖానకూ 12 లీడ్ల పరికరం ఇవ్వాలి. 2023లో మొదలైన వికారాబాద్ ప్రభుత్వ వైద్య కళాశాలలో రేయింబవళ్లు ఈసీజీలు చదివే బాధ్యత ఒకరికి అప్పగించాలి. తాండూరు, వికారాబాద్, పరిగి, కొడంగల్ ఆసుపత్రుల్లో ఆ ఇంజెక్షన్ ఎప్పుడూ నిల్వ ఉండాలి. వచ్చిపోయే గుండె దడకు 24 గంటలు గుండె లయను నమోదు చేసే హోల్టర్ పరీక్ష తాండూరులోనే జరగాలి. లేకుంటే పరికరం పెట్టించుకోవడానికి ఒకసారి, తీయించుకోవడానికి మరోసారి రోగి హైదరాబాద్ తిరగాలి, రెండు రోజుల కూలీ పోతుంది.

డబ్బు లేదనడానికి వీల్లేదు. 2015 గనుల చట్ట సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ ఫౌండేషన్ నిధి ఉన్నదే గనుల ప్రభావిత ప్రాంతాల కోసం. వైద్యం దాని ప్రాధాన్య అంశాల్లో ఒకటి. తాండూరు రాయి తెచ్చే ఆ సొమ్ము రాయి కొట్టే మనిషి గుండెకు ఖర్చు కావడం న్యాయం. అయితే పరికరం కొని బీరువాలో పెడితే లాభం లేదు. ఎలక్ట్రోడ్లకు, మరమ్మతుకు, శిక్షణకు ఏటా నిధులు కేటాయించాలి. ఏ కేంద్రంలో పరికరం పనిచేస్తోందో జిల్లా వైద్యాధికారులు బహిరంగంగా ప్రకటించాలి.

పాఠకులకు ఒక విన్నపం: ఛాతీ బరువెక్కినా, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా వాచీ చూసుకుంటూ కూర్చోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
తాండూరు